మాస్టారి విందుకు కట్టెలు

పిండి బస్తాల గుడ్డతో కుట్టిన చిన్న సంచులను ఒతెగెన్ ఒక్కొక్కటే దులిపి, గోడకు కొట్టిన మేకులకు తగిలిస్తున్నాడు. ఏడాదిగా పెట్టెలో పడి ఉండడంతో అవి నలిగి ముద్దయ్యాయి. ఒకదాని తాడు ఎలుక కొరికేసింది. కిటికీ దగ్గర కూర్చుని, కళ్ళద్దాలు ముక్కు కొసకు జార్చుకుని కొత్త తాడు కుట్టాడు. అతని వేళ్ళు లావుగా, పగుళ్ళు బారి ఉంటాయి. గోళ్ళ చుట్టూ ఎంత కడిగినా పోని ఉప్పు తెలుపు. ఆ వేళ్ళతో సూదిలోకి దారం ఎక్కించడం ఈమధ్య అతనికి పెద్ద పనే అయింది. అయినా భార్యను పిలవడు. పిల్లలు మెడలో వేసుకుని గింజలు కోసే సంచి మాస్టారే కుట్టాలని అతనికొక మొండితనం.

"ఇవాళ సంచులెందుకు?" అంటూ భార్య బల్జాన్ పాలు పోసిన టీ గిన్నె ముందు పెట్టింది. "ఇవాళ నువ్వు పెళ్ళికొడుకువి. మధ్యాహ్నం ఊరు ఊరంతా నీకోసం కూర్చుంటుంది."

"విందు మధ్యాహ్నం కదా. ఈలోగా పిల్లల్ని దిబ్బ మీదికి తీసుకెళ్ళొస్తా. గాలి లేదివాళ. గింజ రాలిపోకముందే కోసుకోవాలి."

బల్జాన్ గిన్నె అంచుకంటిన పాలను తలగుడ్డ కొసతో తుడిచి, పొయ్యి చూడాలంటూ లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు.

ఉజున్‌కుమ్ బడిలో ఒతెగెన్ చేతిపనుల మాస్టారు. బల్లలు బాగుచెయ్యడం, మేకు వంకర పోకుండా కొట్టడం, పలుగు పట్టుకోవడం నేర్పేవాడు. అతని దగ్గర చదివి గొప్పవాడైనవాడు ఎవడూ లేడు. అతనికి పతకమూ రాలేదు, పేపర్లో బొమ్మా పడలేదు. రేపటి నుంచి ఉద్యోగం కూడా ఉండదు. ఉన్నదల్లా ఆ దిబ్బ మీది చెట్లే.

అతను ఈ ఊరికి వచ్చిన కొత్తలో బడి కిటికీలోంచి సముద్రం కనిపించేది. ఆ తర్వాత నదుల నీళ్ళు చేరక సముద్రం ఎండుతూ వెనక్కి వెనక్కి పోయి, దాని అడుగున ఉన్న ఉప్పు ఇసుక లేచి ఊరి మీద పడడం మొదలైంది. తెల్లారి తలుపు తెరవాలంటే పారతో ఇసుక తోడుకోవాల్సి వచ్చేది. అప్పుడు ఒతెగెన్ పిల్లల్ని వెంటబెట్టుకుని, ఊరికి అడ్డంగా ఉన్న దిబ్బ మీద సక్సావుల్ వేయించాడు. ఆకులేని, ముళ్ళ కంపలాంటి చెట్టు అది. చూడ్డానికి ఏమీ బాగుండదు గానీ ఇసుకను గుప్పెట్లో పట్టినట్టు పట్టి ఉంచుతుంది. జిల్లా నుంచి పంపిన గింజలు ఒక్కటీ మొలవలేదు. దూరాన పాత బావి దగ్గర మిగిలిన చెట్ల నుంచి పిల్లలూ తనూ ఒంటె మీద మోసుకొచ్చిన గింజలే మొలిచాయి. "సముద్రమే పారిపోయింది, నీ కంప ఆపుతుందా?" అని ఊరివాళ్ళు ఎగతాళి చేశారు. ఆపింది. ఎగతాళి చేసినవాళ్ళ తలుపులు ఇప్పుడు పార లేకుండానే తెరుచుకుంటున్నాయి.

తర్వాత వేసిన వరసల్లో కొన్ని ఎండకు పోయాయి, కొన్నింటిని ఒంటెలు మేశాయి. పాత బావి దగ్గరి చెట్లు కూడా ఎప్పుడో పోయాయి. మొదటి వరస ఒక్కటే ఏటా మంచి గింజనిచ్చేది. వాటికి అతను అమ్మచెట్లని పేరు పెట్టాడు. ఈ గింజ నిలవుండదు, ఏడాది దాటితే చచ్చిపోతుంది. అందుకని ఏటా చలి మొదట్లో కోయడం, చలి చివర్లో మంచు మీద చల్లడం. బడిలో చేరిన ప్రతి పిల్లాడూ, ప్రతి పిల్లా ఆ పని చేసే పెద్దయ్యారు.

వసంతం నుంచి మోకాలు మొరాయించడంతో ఒతెగెన్ దిబ్బ ఎక్కలేదు. ఊరి జీపు అడిగినప్పుడల్లా ఏదో ఒక అడ్డం వచ్చేది. ఓసారి టైరు, ఓసారి బ్యాటరీ, ఓసారి దారి మీద ఇసుక మేట. ఊరి పెద్ద తొక్తార్ మొదటి బ్యాచీ పిల్లాడే. అబద్ధం చెప్పేవాడు కళ్ళు దించుకుంటాడని అందరికీ చెప్పే మాస్టారు, తొక్తార్ కళ్ళు దించుకోవడం చూసి, పాపం పనితో అలిసిపోయాడనుకున్నాడు.

సంచులు భుజాన వేసుకుని బడికెళ్ళి, ఆ పొద్దున ఎప్పటి పాఠమే చెప్పాడు. పళ్ళెంలో ఇసుక పోసి ఒక పిల్లను ఊదమన్నాడు. ఇసుక లేచి ముందు బల్ల పిల్లల మీద పడింది, వాళ్ళు కావాలనే ఎక్కువగా దగ్గారు. తర్వాత ఇసుకలో పుల్లలు గుచ్చి మళ్ళీ ఊదమన్నాడు.

"ఏమైంది?"

"కదల్లేదు మాస్టారూ."

"ఎందుకని?"

"అది ఊదలేదు మాస్టారూ, ఊపిరి బిగపట్టింది," అన్నాడు వెనక బల్ల వాడొకడు. అందరూ నవ్వారు. ఒతెగెన్ కూడా నవ్వాడు.

"సరే పదండి, సంచులు వేసుకోండి. అమ్మచెట్ల దగ్గరికి."

నవ్వు ఆగిపోయింది. పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఒకమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంతలో కుల్యాష్ వచ్చింది. అతని దగ్గరే చదివి, రేపటి నుంచి అతని పనంతా చేతిలోకి తీసుకోబోయే పంతులమ్మ.

"ఇవాళొద్దు మాస్టారూ. మీరు అతిథి. అతిథి చేత పని చేయిస్తారా ఎవరైనా?"

"గింజ ఆగదమ్మాయ్."

"నేను చూసుకుంటాగా. నా మీద నమ్మకం లేదా?"

ఉంది. ఈ ప్రపంచంలో ఒక్కరి మీదైనా అతనికి నమ్మకం ఉందంటే అది కుల్యాష్ మీదే. అందుకే సంచులు మడిచి పక్కన పెట్టేశాడు.

బడి వెనక గుంటలు తవ్వి పెద్ద పెద్ద ఇనప మూకుళ్ళు ఎక్కించారు. గొర్రె మాంసం ఉడుకుతోంది. లోపల పొడవాటి గుడ్డ పరిచి, నూనెలో వేయించిన పిండి ఉండలు, ఎండు పళ్ళు, టీ గిన్నెలు సర్దారు. బంగారు జరీ కుట్టిన నీలం అంగరఖా ఒతెగెన్‌కు తొడిగి పెద్ద స్థానంలో కూర్చోబెట్టారు. ఎవరెవరో లేచి తన గురించి మంచి మాటలు చెబుతుంటే అతనికి చెమటలు పట్టాయి. పొగడ్త అలవాటు లేని మనిషి. మధ్యలో లేచి, వండేవాళ్ళను పలకరించి వస్తానని బయటికి వెళ్ళాడు. ఏ ఇంటికి విందుకెళ్ళినా వండినవాళ్ళను పలకరించకుండా తినడు.

మూకుడు దగ్గరికి వెళ్ళాక అతనికి ఏదో తేడాగా అనిపించింది. పేడ పిడకల పొగ ఈపాటికి కళ్ళు మండించాలి. పొగే లేదు. గుంటలో నిప్పు తెల్లగా, చప్పుడు లేకుండా, ముఖం కాల్చేంత వేడితో మండుతోంది. పక్కన మొద్దులు పేర్చి ఉన్నాయి. బూడిదరంగువి, మెలికలు తిరిగినవి, మనిషి తొడంత లావువి. సక్సావుల్‌కు గొడ్డలి దిగదు, రాతికేసి బాది విరగ్గొట్టాలి. విరిగిన చోట పసుపుపచ్చగా, కొత్తగా ఉంది.

"ఎక్కడిదిరా ఈ కట్టె?" అన్నాడు. అడుగుతున్నప్పుడే తెలిసిపోయింది.

తొక్తార్ వెనకే వచ్చాడు. అతని ముఖం సంతోషంతో వెలిగిపోతోంది. "మనదే మాస్టారూ. దిబ్బ మీది మొదటి వరస. ఎవరు వేసింది వాళ్ళే తీశాం, పరాయి చెయ్యి పడనివ్వలేదు. అదిగో, ఆ చివర్ది నాది."

"వరసంతా?"

"ఊరంతటికీ వండాలి కదా. మీకు పెట్టే కూడు పిడకల మీద ఉడకాలా? మా నాన్న దినానికి పిడకలు కాల్చామని పొరుగూరివాళ్ళు ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంటారు. మీ విందుకు ఆ మాట రానిస్తానా? ఈ కట్టె నీళ్ళలో మునుగుతుంది, రాక్షసిబొగ్గులా కాలుతుందని మీరే కదా చెప్పేవారు."

ఒతెగెన్ వెనక్కి తిరిగాడు. కుల్యాష్ గడప మీద నిలబడి ఉంది. ఆమెను చూశాడు.

"ఎండాకాలంలోనే తీసి ఆరబెట్టాం మాస్టారూ," అంది ఆమె మెల్లగా. "ముందే తెలిస్తే మీరు వద్దంటారని..."

"వద్దంటానని తెలుసన్నమాట."

"తెలుసు."

ఇంక అడగాల్సిందేమీ లేకపోయింది. తెలియక చేసుంటే, నేను సరిగా చెప్పలేదేమో అనుకుని తన తప్పు కింద రాసుకునేవాడు. వీళ్ళకు అన్నీ వచ్చు. చెట్టెందుకో తెలుసు, గింజెందుకో తెలుసు, మాస్టారి మనసూ తెలుసు. అంతా తెలిసి, ఎండాకాలం నుంచీ ఊరు ఊరంతా కూడబలుక్కుని తన ఎదుట నవ్వుతూ తిరిగింది. తను నమ్మినవాళ్ళందరూ ఒక్కసారే మోసం చేస్తే మనిషి ఎవరితో చెప్పుకోవాలి?

లోపల గొర్రె తల పళ్ళెంలో పెట్టి అతని ముందుంచారు. ఆ తలను పెద్దమనిషే కోసి పంచాలి. చెవి మాత్రం పసిపిల్లలకిస్తారు, పెద్దల మాట చెవిన పెట్టమని. ఒతెగెన్ కత్తి తీసుకుని, కుడి చెవి కోసి, పరిచిన గుడ్డకు ఆ పక్కనున్న తొక్తార్‌కు అందించాడు. నలభై దాటిన, మీసాలున్న, ఊరికి పెద్దయిన తొక్తార్‌కు.

అందరి చూపులూ తొక్తార్ మీదికి మళ్ళాయి. ఆ తర్వాత ఎవరో పకాలున నవ్వారు. "మాస్టారికి నువ్వింకా పిల్లాడివేరా!" అందరూ నవ్వారు, తొక్తార్ కూడా. కానీ మాస్టారి ముఖంలో నవ్వు లేదు. ఎడమ చెవి కోసి అతను కుల్యాష్‌కిచ్చాడు. అది చూసి తొక్తార్ నవ్వు మానేశాడు. ఇద్దరూ తలవంచుకుని తిన్నారు.

విందయ్యాక దిబ్బకు తీసుకెళ్ళమని ఒతెగెన్ అడిగాడు. ఇన్నాళ్ళూ నడవని జీపు మొదటి తిప్పుకే కదిలింది. వెనక సీటు కింద ఇసుక, చెట్టు బెరడు అంటుకున్న ఇనప గొలుసొకటి పడి ఉంది. దాన్ని చెట్లకు కట్టి జీపుతో వేళ్ళతో సహా లాగారు, మొదలు దగ్గరే కదా మంచి కట్టె ఉండేది. దిబ్బ మీద వరసగా గోతులున్నాయి. చాలా గోతులు అప్పుడే సగం పూడిపోయాయి. గాలి లేని రోజు కూడా దిబ్బ అంచు నుంచి ఇసుక సన్నగా ఊరివైపు జారుతోంది.

"వసంతం లోపల మళ్ళీ వేద్దాం మాస్టారూ. పిల్లలందర్నీ తీసుకొస్తాను," అన్నాడు తొక్తార్.

"ఏ గింజ తెచ్చి వేస్తావురా?"

తొక్తార్ ఒక గోతి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఇసుకలో గింజల కోసం వెతికాడు. ఊరి పెద్దయ్యాక అతను ఎవరి ముందూ అలా కూర్చోలేదు.

ఇంటికొచ్చి ఒతెగెన్ అంగరఖా విప్పి భార్య చేతికిచ్చాడు. "నీకూ తెలుసు," అన్నాడు.

"తెలుసు. అంత ఆపేక్షగా చేస్తున్నారు కదా, సంతోషపడతావనుకున్నా."

"ఇన్నేళ్ళు నాతో ఉండి, నేను దేనికి సంతోషపడతానో తెలీదా నీకు?"

బల్జాన్ ఏడ్చింది. అతను ఓదార్చలేదు, తిట్టనూ లేదు. ఎడమ భుజం లాగుతోందని చెప్పి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె సాయంత్రం టీ పోసి పిలిచింది, పలకలేదు. కోపం చల్లారనీలే అనుకుని ఊరుకుంది. ఆ గిన్నె చల్లారాక ఇంకో గిన్నె పోసి తెచ్చి భుజం మీద చెయ్యి వేసింది. అప్పటికే భుజం కూడా చల్లబడిపోయింది.

మర్నాడు పొద్దున మాస్టారికి స్నానం చేయించడానికి నీళ్ళు కాచాలన్నారు. పెద్ద మూకుడు బడి వెనక గుంట మీదే ఉంది. తొక్తార్ వెళ్ళి కడ్డీతో బూడిద కదిపాడు. కింద నిప్పు ఇంకా ఎర్రగా ఉంది. ఊదాల్సిన పని కూడా లేకపోయింది. మూకుట్లో నీళ్ళు పోస్తే కాసేపట్లోనే కాగాయి. గుంట అంచున ఒక మొద్దు సగమే కాలి మిగిలింది. దాన్ని నిప్పులోకి తొయ్యడానికి తొక్తార్‌కు చెయ్యి రాలేదు, పారెయ్యడానికీ రాలేదు. మోసుకొచ్చి మాస్టారి ఇంటి గోడకు ఆనించి వెళ్ళిపోయాడు. ఒక పక్క నల్లగా కాలి, రెండో పక్క బెరడు బెరడుగానే ఉండి, ఆ మొద్దు అక్కడే ఉంది.