మడతపెట్టిందెవరు

వాన ముసురుపట్టిందంటే ఆ వీధిలో ఎవరి బట్టలూ ఆరవు, ఒక్క లాండ్రీలో తప్ప. అక్కడ వెనకగదిలో దండేల మీద తడి దుప్పట్లు పరిచి, లాండ్రీ ఆవిడ తన భర్తనీ, చెల్లెలి మొగుడైన మరిదినీ ఎదురెదురుగా కూర్చోబెట్టేది. "ఇక కానివ్వండి" అనేది.

ఇద్దరూ తోడల్లుళ్ళు. మరిది బళ్ళో లెక్కల మాస్టారు. భర్తకి దేవుడంటే ప్రాణం, మాస్టారికి ఆ మాటంటేనే నవ్వు. ఉన్నాడా లేడా అని వాళ్ళు వాదనకి దిగితే గది వేడెక్కేది. ముందు కిటికీ అద్దాలకి ఆవిరి పట్టేది, తర్వాత దుప్పట్లు పొగలు కక్కేవి. వీధిలోవాళ్ళు గుమ్మంలో ఆగి, "ఇవాళ వాదన ఎలా ఉంది? ఉన్నికోటు ఆరుతుందా?" అని అడిగి మరీ బట్టలిచ్చి వెళ్ళేవారు.

"మడతపెట్టేవాడు లేకుండా చొక్కా దానంతటదే మడతపడుతుందా తమ్ముడూ? మరి ఇంత లోకం?"

"సరే అన్నయ్యా, ఆ మడతపెట్టినవాణ్ణి మడతపెట్టిందెవరు?"

ఈ ఒక్క ముక్కకే బనియన్లన్నీ ఆరిపోయేవి.

ఆ ఏడు వరదకి వంతెన మునిగింది. అప్పుడే ఆవిడ కూతురికి నెలలు నిండకుండా కాన్పయింది. పిల్ల పిడికెడంత ఉంది. తల్లేమో నీరసంతో వణికిపోతోంది. వీధి చివరి నర్సమ్మ వచ్చి చూసి, "వంతెన తేలగానే ఆస్పత్రికి పోదాం. అందాకా వెచ్చగా ఉంచండి. చల్లబడితే మాత్రం దక్కదు" అంది.

కరెంటు లేదు. బొగ్గులు తడిసిపోయాయి. ఆవిడ పిల్లని తువ్వాళ్ళ బుట్టలో పడుకోబెట్టి వెనకగదిలోకి తెచ్చింది. "కానివ్వండి" అంది.

మాస్టారు బుట్టలోకి చూశాడు. "ఈ పసిగుడ్డు ఎవరికేం చేసిందని అన్నయ్యా, నీ దేవుడు..." అని ఆగిపోయాడు.

భర్త జారిన తువ్వాలుని పిల్ల మీదికి లాగాడు. "నా దగ్గర జవాబు లేదు తమ్ముడూ. నువ్వే గెలిచావు" అన్నాడు చివరికి.

గది చల్లబడింది.

"ఇన్నేళ్ళుగా తెగని వాదన తెగడానికి ఇవాళే దొరికిందా మీకు?" అంది ఆవిడ.

గొంతులు పెంచి ఏదో మొదలుపెట్టారు. చప్పుడే తప్ప సెగ పుట్టలేదు. మనసులో లేని మాటకి వేడి ఎక్కణ్ణుంచి వస్తుంది? పిల్ల పాదాలు నీలమయ్యాయి.

మాస్టారు ఆ పాదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా రుద్దాడు. తర్వాత మాటలు తడుముకుంటూ అన్నాడు. "అన్నయ్యా, ఇది అన్యాయమని నాకు లోపల్నించి అనిపిస్తోంది. లెక్క తప్పిందన్నామంటే, తప్పుకాని జవాబొకటి ఎక్కడో ఉన్నట్టే కదా? ఎవరూ లేకపోతే మరి నా కోపం ఎవరి మీద?"

అద్దం మీద సన్నగా ఆవిరి పట్టింది.

భర్త చివాలున తలెత్తాడు. "జవాబుంటే చాలదా? దానికో మాస్టారు కూడా ఉండాలా? ఉన్నవాడైతే వంతెన ముంచుతాడా?"

"వంతెన ముంచింది వాన. మరి నిన్నీ బుట్ట పక్కన కూర్చోబెట్టిందెవరు?"

"మీ వదిన."

ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. దండెం మీద దుప్పటి పొగలు కక్కింది. ఇద్దరూ పక్షాలు మార్చేసుకున్నారని ఆవిడ గమనించింది గానీ పైకి అనలేదు. అంటే ఎక్కడ ఆగిపోతారోనని భయం.

వాన వెలిసి, వంతెన తేలిన పొద్దున నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది. తోడల్లుళ్ళ గొంతులు బొంగురుపోయి ఉన్నాయి. పిల్ల తువ్వాలు తన్నేసి, ఎర్రగా, నుదుటి మీద చెమటతో నిద్రపోతోంది.

"దక్కినట్టే" అంది నర్సమ్మ, చేత్తో విసురుకుంటూ.

"చూశావా అన్నయ్యా, ఉన్నాడు."

"ఉంటే ఆయనకి మన గొంతులెందుకోయ్?"

"కాస్త మెల్లగా" అంది ఆవిడ. "పిల్లకి ఉక్కపోస్తోంది."