మొదటి ముక్క

సోమవారం పొద్దున్నే ఇంట్లో యుద్ధం మొదలైంది. కారణం ఒక జానెడు స్టీలు స్కేలు.

“నాయనమ్మా, దీంతో బిస్కట్ల డబ్బా మూత లేపావా?”

“లేపాను. వచ్చింది. ఇన్నాళ్లకి నీ స్కేలు ఒక పనికొచ్చింది.”

“సున్నా దగ్గర సొట్ట పడింది చూడు! ఇంక దీంతో ఏం కొలవను?”

“ఒకటి దగ్గర్నించి కొలువు. ఎవరొద్దన్నారు?”

నిజానికి అది మంచి సలహాయే. అంచు అరిగిన స్కేలుతో పని చేసేవాళ్లంతా చేసేదదే. ఆ మాట ఒప్పుకునే స్థితిలో మాత్రం మనవరాలు లేదు. స్కేలు బల్ల మీదికి విసిరింది. విసిరాక కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఇంట్లో అందరూ ఆమెను కొలబద్ద అంటారు. ఏడేళ్ల వయసులో, దర్జీ పని చేసే నాన్న మెడలోంచి టేపు లాక్కుని పిల్లి తోక కొలవబోయి చెయ్యి గీరించుకున్న నాటి నుంచీ ఆ పేరు అతుక్కుపోయింది. ఇప్పుడు ఇరవై మూడేళ్లు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, పెద్ద పెద్ద గాలి పంకాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆరు నెలలుగా డ్రాయింగులు గీస్తోంది. పేరుకు తగ్గట్టే పప్పులో ఉప్పు దగ్గర్నుంచి కిటికీ తెర పొడవు దాకా అన్నింటికీ లెక్క చెబుతుంది. ఏడవడం మాత్రం ఆమెకు అలవాటు లేదు.

“స్కేలు కోసం ఏడ్చే పిల్లని ఎక్కడా చూళ్లేదు,” అంది నాయనమ్మ. గొంతులో కోపం పోయి కంగారు వచ్చింది.

ముందుగదిలో కుట్టుమిషను చప్పుడు ఆగింది. అమ్మ పొయ్యి తగ్గించి కూతురి మొహంలోకి చూసింది. “ఏమైందే? ఆఫీసులో ఎవరైనా ఏమైనా అన్నారా?”

“ఎవరూ ఏమీ అనలేదు.” బ్యాగు భుజాన వేసుకుంది. “ఇంకా అనలేదు.”

ఆ ‘ఇంకా’ అన్న మాట ఇంట్లో వదిలేసి, ఏమీ తినకుండా బస్సెక్కింది.

బ్యాగులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. ఉద్యోగం మానేస్తున్నానని, కారణం సొంత విషయాలని, ఆదివారం మధ్యాహ్నం గది తలుపేసుకుని రాసింది. అసలు కారణం గురువారం నాటిది.

ఒక వస్తువును కాగితం మీద చూపించాలంటే, ఎదురుగా చూస్తే ఎలా ఉంటుందో ఒక బొమ్మ, పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో మరో బొమ్మ గీస్తారు. కుడివైపు నుంచి చూసిన బొమ్మను కుడిపక్కనే గీయడం ఒక పద్ధతి. దాన్ని ఎడమపక్కన గీయడం ఇంకో పద్ధతి. రెండూ సరైనవే. ఏది వాడారో చెప్పడానికి కాగితం మూల చిన్న గుర్తు ఉంటుంది. కాలేజీలో ఆమెకు అలవాటైంది ఒకటి, ఫ్యాక్టరీలో వాడేది రెండోది. ఆరు నెలలుగా జాగ్రత్తగా మార్చుకుంటూనే వచ్చింది. గురువారం మాత్రం ఒక ఆసుపత్రి పంకాలకు మోటారును పట్టి ఉంచే బ్రాకెట్ అర్జెంటుగా కావాలన్నారు. తొందరలో చెయ్యి తన పాత దారిన తాను పోయింది. కాగితం మూల ఫ్యాక్టరీ గుర్తు ముందే అచ్చయి ఉంటుంది. ఆ గుర్తును నమ్మి చేసేవాడికి కుడి కాస్తా ఎడమవుతుంది.

శనివారం సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ పైఅంతస్తు మెట్ల పక్కనున్న తనిఖీ బల్ల మీద ఆ బ్రాకెట్‌ను చూసింది. కరెంటు తీగల పెట్టెను మోసే చెవి లాంటి మడత కుడివైపు ఉండాలి, ఎడమవైపు ఉంది. అలా బిగిస్తే పెట్టె నేరుగా గోడలోకి పోతుంది. బ్రాకెట్‌కు ఇనప తీగతో ఎర్ర చీటీ కట్టి ఉంది. పక్కనున్న పనికార్డు మీద ‘నలభై’ అని రాసి ఉంది. నలభై బ్రాకెట్లు తుక్కు. బుధవారం పంపాల్సిన పంకాలు ఆగిపోతాయి. ఆసుపత్రిలో గాలి ఆడని గదులు ఆమె కళ్లకు కట్టాయి. ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగి వచ్చేసింది.

అలా చెప్పకుండా వచ్చేయడమే ఆమెను రెండు రోజులుగా తొలిచేస్తోంది. తప్పు చేసినవాళ్లు ఇంజనీర్లు అవుతారేమోగానీ, తప్పు చూసి తప్పుకున్నవాళ్లు ఎలా అవుతారు? మొదటిసారి సీటు రాక, ఏడాది ఇంట్లో కూర్చుని చదివి మళ్లీ రాసి తెచ్చుకున్న చదువు. అదంతా ఒక్క రేకు మడత దగ్గర ముగిసిపోయినట్టు అనిపించింది. ఉత్తరం ఇచ్చే ముందు నిజం చెప్పాలి. అంతవరకు గట్టిగా నిర్ణయించుకుంది.

డ్రాయింగుల విభాగం చూసే చీఫ్ గారు తొమ్మిదికిగానీ రారు. ఏడున్నరకే చేరిన ఆమె పైఅంతస్తులోని డ్రాయింగుల గదికి వెళ్లకుండా, కిందకు, రేకులు వంచే షెడ్డులోకి వెళ్లింది. ఆరు నెలల్లో అక్కడ అడుగు పెట్టడం ఇదే మొదలు. కాగితాలు కిందకు పోతాయి, వస్తువులు తయారవుతాయి. మధ్యలో ఏం జరుగుతుందో పైగది గాజు కిటికీలోంచి కనిపించదు.

షెడ్డులో నూనె వాసన, వేడెక్కిన ఇనుము వాసన. మూల ఒకతను రేకులు కత్తిరిస్తున్నాడు. ప్రతి కోతకూ నేల చిన్నగా అదురుతోంది. నడుమ వంపు యంత్రం. మనిషంత పొడవున్న మొద్దు కత్తి పైనుంచి దిగి, రేకును కింది గాడిలోకి నొక్కుతుంది. దాని ముందు కళ్లజోడు తాడుతో మెడకు కట్టుకున్న ఒక పెద్దాయన. అందరూ ఆయనను వంపుల మేస్త్రి అంటారు.

“ఏం మేడమ్, దారి తప్పారా?”

“మేస్త్రి గారూ, ఆ ఆసుపత్రి బ్రాకెట్లు...”

“ఆఁ, రండి రండి. శనివారం నుంచీ మీ కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తున్నా.”

ఆమె ఇంక ఊపిరి తీసుకోలేదు. “తప్పు నాదేనండీ. కుడి ఎడమ చేసి గీశాను. నలభై ముక్కలూ పాడయ్యాయి. మీరు కాగితంలో ఉన్నట్టే చేశారు, మీ తప్పేం లేదు. చీఫ్ గారికి నేనే చెప్తాను.”

మేస్త్రి కళ్లజోడు పెట్టుకుని ఆమెను ఎగాదిగా చూశాడు. “నలభయ్యా? ఏవి, ఎక్కడ?”

“తుక్కులో వేసేశారా?”

“ఇలా రండి.”

యంత్రం వెనక చెక్కపీట మీద రేకు ముక్కలు దొంతరగా పేర్చి ఉన్నాయి. నూనె తడి ఇంకా ఆరలేదు. బోసిగా, చదునుగా, ఒక్క మడత కూడా లేకుండా ఉన్నాయి.

“ముప్ఫై తొమ్మిది,” అన్నాడు మేస్త్రి. “ఒకటి బల్ల మీదుంది. నేను లెక్కల్లో వీకు. మీరే కూడండి.”

ఆమె కూడలేదు. దొంతర మీద చెయ్యి ఆనించింది. “మరి ఎర్ర చీటీ? పనికిరాదని కాదా?”

మేస్త్రి నవ్విన నవ్వుకు మూలనున్నతను కోత ఆపి ఇటు తిరిగాడు. “పనికిరానిదానికి చీటీ కట్టి ముద్దు చేస్తామా మేడమ్? తుక్కు డబ్బాలో పారేస్తాం. ఎర్ర చీటీ అంటే మొదటి ముక్క. బొమ్మ గీసినవాళ్లొచ్చి, కొలిచి, చీటీ మీద సంతకం పెట్టేదాకా రెండోది వంచను. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇదే పద్ధతి.”

“ఇన్నాళ్లూ నా డ్రాయింగులకి సంతకం...”

“మీ పక్కసీటాయన పెట్టేవారు. మోకాళ్ల నొప్పులని ముక్కనే పైకి తెప్పించుకునేవారు. కాగితంతో సరిపోతే చాలు, పెట్టేసేవారు. శనివారం ఆయన సెలవు. అది మా అదృష్టమో మీ అదృష్టమో!”

కొండంత బరువు ఒక్కసారిగా దిగింది. దిగీ దిగకముందే ఇంకో అనుమానం తన్నుకొచ్చింది. “కానీ రేకు కత్తిరించేశారు కదండీ. ముక్కే ఎడమవైపుకి కోసి ఉంటుంది.”

 మేస్త్రి పైనున్న ముక్కను తీసి, పుస్తకంలో పేజీ తిప్పినట్టు తిరగేసి మళ్లీ అక్కడే పెట్టాడు.

ఆమె చూసింది. ఎడమకు చాచిన చెవి ముక్క ఇప్పుడు కుడికి చాచి ఉంది. రంధ్రాలు మామూలు గుండ్రటివి, ఏ పక్క నుంచి చూసినా ఒకటే. వంచేదాకా రేకుకు కుడీ ఎడమా లేవు. నాలుగేళ్ల చదువులో ఈ సంగతి ఎన్ని రకాలుగా రాసి మార్కులు తెచ్చుకుందో ఆమెకే తెలుసు. అయినా నూనె అంటిన ముక్క కళ్లముందు తిరగబడితేగానీ తట్టలేదు. నవ్వొచ్చింది. నవ్వుతోంటే మళ్లీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అరెరే, నాది రేకులు వంచే పనమ్మా, మనుషుల్ని ఏడిపించే పని కాదు,” అన్నాడు మేస్త్రి. మేడమ్ కాస్తా అమ్మ అయింది.

ఆమె కళ్లు తుడుచుకుని ముక్క అంచు వెంట వేలు పోనిచ్చింది. ఒక్కసారి ఆగింది. “మేస్త్రి గారూ, కోసిన గరుకు ఒక పక్కకే ఉంది. తిరగేస్తే అది తీగలు తగిలే వైపుకొస్తుంది. తీగల పైతొడుగు గీసుకుపోతుంది.”

మేస్త్రి తనూ వేలు పెట్టి చూశాడు. తల పంకించాడు. “అదీ! ఇప్పుడు మాట్లాడింది ఇంజనీరు. ఆకురాయితో నున్నగా చేయిస్తా. ఎక్కడెక్కడో గీసివ్వు. కాగితం ఉందా?”

బ్యాగులో చెయ్యి పెడితే చేతికొచ్చింది ఒక్కటే కాగితం. ఒక్క క్షణం తటపటాయించి, దాన్ని వెనక్కి తిప్పి బ్రాకెట్ బొమ్మ గీసింది. నున్నగా చేయాల్సిన అంచుల పక్కన గీతలు పెట్టింది. మేస్త్రి దాన్ని అయస్కాంతంతో యంత్రానికి అంటించాడు. ఉత్తరం ముఖం ఇనుముకు, వీపు లోకానికి. ఇంక దాన్ని ఎవరికీ ఇచ్చే ప్రశ్నే లేదు.

తొమ్మిదింటికి చీఫ్ గారు వచ్చీ రాగానే ఆమె మొత్తం చెప్పింది. శనివారం చూసి కూడా చెప్పకుండా ఇంటికి పోయానన్న ముక్క కూడా మింగకుండా చెప్పింది. ఆయన డ్రాయింగు తెప్పించుకుని చాలాసేపు చూశారు.

“ఇక్కడ ‘సరిచూశాను’ అన్నచోట సంతకం ఎవరిది?”

“మీదేనండీ.”

“మరింకేం, తిట్లు చెరిసగం.” కాగితం పక్కన పెట్టి ఆయన గొంతు మార్చారు. “గీత తప్పడం పెద్ద విషయం కాదమ్మా. తప్పుతుందనే మొదటి ముక్క అనేది పెట్టుకున్నాం. శనివారం పోయి అడగాల్సింది. అడిగుంటే నీకు ఆదివారం మిగిలేది.”

అంతకన్నా ఒక్క మాట కూడా అనలేదు. అంటే బావుండునని కూడా ఆమెకు అనిపించలేదు. ఆకలి వేసింది, అంతే. శనివారం తర్వాత మొదటిసారి ఆకలి వేసింది.

డ్రాయింగు సరిదిద్ది, కొత్త మొదటి ముక్క వంచేటప్పుడు ఆమె యంత్రం పక్కనే నిలబడింది. కత్తి దిగింది, రేకు మూలిగింది, చెవి కుడివైపు లేచింది. రేకు వంచినంత వంగి ఉండదు, కొంచెం వెనక్కి తెరుచుకుంటుంది. అందుకని మేస్త్రి రెండు డిగ్రీలు ఎక్కువే నొక్కాడు. ఎంత ఎక్కువ నొక్కాలో ఆయన ఏ పట్టికలోనూ చూడలేదు, రేకును వేలితో మీటి విన్నాడు. ఆమె కొలిచింది. తొంభై డిగ్రీలు, వెంట్రుకవాసి తేడా లేదు. ఎర్ర చీటీ మీద సంతకం పెడుతుంటే, డిగ్రీ పట్టా అందుకున్న రోజున కూడా చెయ్యి ఇంత స్థిరంగా లేదనిపించింది.

మూడింటికల్లా బ్రాకెట్లన్నీ వరసగా నిలబడ్డాయి. తక్కువైన ఒక్కదానికీ కొత్త రేకు కోశారు. నష్టం ఒక్క ముక్క. ఆమె మేడమెట్లెక్కి చీఫ్ గారిని ఒక విషయం అడిగింది. ఆయన ఆశ్చర్యపోయి, ఆలోచించి, “నాకు అభ్యంతరం లేదు. ఇంట్లో చెప్పి రా,” అన్నారు.

రాత్రి భోజనాల దగ్గర ఆమె మూడోసారి కూర వడ్డించుకుంటుంటే అమ్మా నాయనమ్మా మొహాలు చూసుకున్నారు. అడక్కుండానే జరిగిందంతా చెప్పింది. మడతలు పెట్టిన ఉత్తరం సంగతి కూడా. ఉత్తరం అనగానే అమ్మ చేతిలో గరిటె ఆగింది. యంత్రానికి అంటించిన సంగతి వినగానే మళ్లీ కదిలింది.

“ఆ తిరగెయ్యడం నన్నడిగితే ఆదివారమే చెప్పేవాణ్ణి కదే,” అన్నాడు నాన్న. “రెండు వైపులా ఒకేలా ఉండే గుడ్డలో ఎడమ చెయ్యి కోస్తే కుడి చెయ్యి కాదూ! ఇరవైసార్లు అలాగే గట్టెక్కాను.”

“ఇరవైసార్లు తప్పు కోశావన్నమాట,” అంది నాయనమ్మ.

“ముప్ఫయ్యేళ్లలో, అమ్మా!”

నవ్వులు సద్దుమణిగాక కొలబద్ద మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది.

“రేపట్నించి నేను ఆరున్నరకే పనిలో ఉండాలి. పైగదిలో కాదు, కింద. మూడు నెలలు వంపుల మేస్త్రి దగ్గర పని నేర్చుకుంటాను.”

“శిక్షా?” అంది అమ్మ భయంగా.

“కాదమ్మా. నేనే అడిగాను.”

“అంత చదివి పైకెక్కినదానివి, కిందకి దిగుతానంటావేంటే?” నాయనమ్మ ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“రేకు ఎలా వంగుతుందో తెలీకుండా వంచమని రాసిస్తున్నాను నాయనమ్మా. తెలుసుకుని ఎక్కుతాను. అప్పుడు నా ప్రతి ఎర్ర చీటీ మీదా నేనే సంతకం పెడతాను.”

 నాన్న అన్నం గిన్నె ఆమె వైపు జరిపాడు.

“జుట్టు బిగించి కట్టుకెళ్లు. యంత్రం దగ్గర పొడుగు చేతుల బట్టలు పనికిరావు, రేపు సాయంత్రానికి రెండు పొట్టి చేతుల చొక్కాలు కుడతాను.”