నవ్వు కోసం వదిలిన చోటు

టీవీలో వాళ్ల కామెడీ సీరియల్ పేరు ‘ఒకే గది, ఒకే గతి’. అద్దెగదిలో ఇద్దరు స్నేహితుల గోల. పొడుగువాడు నిచ్చెన, పొట్టివాడు పీట. సీరియల్ ఆగినా ఆ పేర్లు మాత్రం ఇద్దరినీ వదల్లేదు.

నవ్వులన్నీ తర్వాత ఎడిటింగులో అతికించేవారు. అందుకని డైరెక్టరు ఒక పద్ధతి పెట్టాడు: జోకు పేల్చినవాడు గుటక మింగి ఆగాలి, ఎదుటివాడు నోరు మెదపకూడదు. ఆ ఖాళీలో నవ్వు పోసుకుంటారన్నమాట. ఏళ్ల తరబడి ఆగీ ఆగీ ఇద్దరికీ అదే జబ్బయి కూర్చుంది. ఒకసారి నిచ్చెన పక్కింటాయనతో “మా వంటింట్లోంచి పొగ వస్తోందండీ” అని, గుటక మింగి ఆగాడు. ఆయన పళ్లికిలించి తలుపేసుకున్నాడు. వంటిల్లు సగం కాలింది.

జనం వాళ్లది పీటముడి అనుకున్నారు గానీ, అది జారుముడే. సీరియల్ ఆగాక పీట ఊరికి ఆ చివర ఇల్లు తీసుకున్నాడు. ఫోన్లు తగ్గాయి, ఆపైన ఆగాయి. భార్య పోయాక నిచ్చెనకి ఆనుకోవడానికి గోడ లేకుండా పోయింది. అందుకే ఛానెల్‌వాళ్లు పాత ముచ్చట్లు చెప్పుకునే కార్యక్రమానికి ఇద్దర్నీ పిలవగానే ఎగిరి గంతేశాడు. ఈసారి వాణ్ణి పోనివ్వకూడదు, అంతే.

స్టూడియోలో సీరియల్ నాటి అదే సోఫా, అదే అట్టకిటికీ. పీట వచ్చాడు. చొక్కా హ్యాంగరుకి తగిలించినట్టుంది.

“ఏరా, పీటకి చెదలు పట్టాయా?”

“పట్టాయిరా. లోపల్లోపలే.”

లైట్లు వెలిగాయి. యాంకరమ్మాయి అడిగింది: “మళ్లీ ఇద్దరూ కలిసి చేస్తారా అండీ?”

“మా డాక్టరు కొత్త గొడుగు కొనొద్దన్నాడమ్మా,” అన్నాడు పీట, నిచ్చెన వైపు చూస్తూ. “వానలదాకా నేనుండనట.”

గుటక మింగి ఆగాడు.

ఇక్కడ అతికించేవాళ్లు లేరు కదా, పాపం వాడి జోకు నేలపాలవుతుందని, నిచ్చెన తొడ చరిచి మరీ పగలబడి నవ్వాడు. యాంకరమ్మాయి నవ్వింది, కెమెరావాళ్లూ నవ్వారు. పీట మాత్రం అతన్నే చూస్తూ ఉండిపోయాడు.

షూటింగయ్యాక బయట కారు దగ్గర పీట కూతురు మందుల సంచీతో నిలబడి ఉంది.

“బాబాయ్, నాన్న చెప్పారా? ఇంటికొచ్చి చెప్పడానికి నోరు పెగల్లేదట. కెమెరా ముందయితే చెప్పగలనన్నారు. అందుకే ఒప్పుకున్నారు.”

నవ్వు నాలుగు విధాల చేటంటారు. ఐదో విధాన్ని నిచ్చెన ఇప్పుడే కనిపెట్టి వచ్చాడు. పీట కూర్చున్న కారు కిటికీలోకి వంగాడు.

“ఒరేయ్… జోకనుకున్నాన్రా.”

“అనుకుంటావని తెలుసు,” అన్నాడు పీట కళ్లు మూసుకునే. “అయినా బాగానే పేలిందిగా!”

మళ్లీ గుటక. మళ్లీ ఖాళీ.

“నవ్వరా సన్నాసీ. ఎంతసేపని ఆగమంటావ్?”

నిచ్చెన తలుపు తీసి, పొడుగు కాళ్లు మడుచుకుని పక్కన కూలబడ్డాడు.

“ఎక్కడికిరా?”

“నీతో.”

కూతురు కారు పోనిచ్చింది. పీట ఇంకా ఆగే ఉన్నాడు. ఆ ఖాళీలో పొయ్యడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు.