పదో వస్తువు

1893 ఫిబ్రవరి పదకొండు, శనివారం. ఆ పొద్దున జీవరాజు పంతులు చద్దన్నంలో ఆవకాయ బద్ద నంజుకుని, పైన ఒక చక్కెరకేళి పండు తిని బడికి వెళ్లాడు. తేదీ, తిండీ రెండూ ఆయనకు జ్ఞాపకం ఉండిపోయాయి. ఆ తర్వాత చాలాకాలం అన్నం అంత నిశ్చింతగా గొంతు దిగలేదు.

కాలవ గట్టు మీది మిషను బడి ఆయనది. వస్తువును చేత్తో పట్టుకుంటేనే పిల్లలకు చదువు వంటబడుతుందని ఆయన నమ్మకం. అందుకని ఆ రోజు ఒక్కో చీటీ మీద పదేసి వస్తువుల పేర్లు రాసి, పిల్లకొకటి పంచాడు. నత్తగుల్ల, తూనీగ రెక్క, ఒండ్రుమట్టి, తుమ్మముల్లు, ఇలాంటివి.

"గంటలో పదీ తెచ్చినవాళ్లకు కొత్త పలక," అన్నాడు.

"తూనీగ రెక్కంటే బతికున్నదానిది పీకాలాండీ?" అని లాజరు అడిగాడు.

"రాలింది ఏరుకోరా. పీకావంటే నీ చెవి పీకుతాను."

"అయితే వీడి చెవి పదకొండో వస్తువండి!" అంది దీనమ్మ. బడంతా నవ్వింది. పంతులూ నవ్వాడు.

దీనమ్మకు తొమ్మిదేళ్లు. కాలవ అవతలి పేటలో ఉండే యెహెజ్కేలు కూతురు. సగం విరిగిన పలక మీద అక్షరాలు చిన్నవిగా రాసి చోటు సరిపెట్టుకునేది.

చీటీలో పదోది తులసాకు. తన పెరట్లో ఉంది కదా అనే ఆయన రాశాడు. భార్య రత్నమాణిక్యం బడిపిల్లల దగ్గు కషాయానికని కిటికీ కింద వేసిన మొక్క అది. ఆమె పోయి ఏడాదైంది. ఆ కిటికీ తెరవడం ఆయన మానేశాడు.

గంట తిరిగేసరికి పిల్లలందరూ తొమ్మిదేసి వస్తువులతో వచ్చారు.

"మీ పెరట్లో తులసి ఎండిపోయిందండి. పుల్లలే ఉన్నాయి," అన్నాడు లాజరు.

అప్పుడు చూశాడు పంతులు, దీనమ్మ రాలేదని.

షావుకారు జోగేశ్వరరావు ఉండే వీధి మొగ దాటి పేటవాళ్లెవరూ లోపలికి వెళ్లకూడదు. ఆ సంగతి దీనమ్మకూ తెలుసు. కానీ చేతిలో పంతులుగారి చీటీ ఉంది. షావుకారు పెరటి దొడ్డితలుపు తోసుకుని తులసికోట దాకా వెళ్లి, ఎవరో కేకేస్తే, "పంతులుగారు రాశారండి," అని చీటీ చూపించిందట. ఎవరూ కొట్టలేదు. కోటను కడుక్కున్నారు. తమ మినపచేలో పనిచేస్తున్న యెహెజ్కేలును పిలిపించి, పిల్లను బడి మాన్పించకపోతే ఇక చేలోకి రావద్దన్నారు.

ఆ కబురు విని జీవరాజు పరుగున వెళ్లి వీధి మొగలో ఆగిపోయాడు. జోగేశ్వరరావే అక్కడిదాకా వచ్చాడు.

"తప్పు నాదండి. పిల్లది కాదు."

"చదువుకున్నవారు, మీకైనా తెలియొద్దాండీ?" అన్నాడు షావుకారు. గొంతు పెంచలేదు. మాట మార్చనూ లేదు.

జీవరాజు పుట్టింది ఆ పేటలోనే. చిన్నప్పుడు ఎక్కడ ఆగాలో కాళ్లకే తెలిసేది. రాజమండ్రి కాలేజీలో ఎఫ్.ఏ. చదువుతూ, మిషను ఇంట్లో కాపురముంటూ మరిచిపోయాడు. మరిచిపోయినందుకు ఒకప్పుడు గర్వపడ్డాడు కూడా.

సాయంత్రం కొత్త పలక పట్టుకుని, కాలవ మీది తాటిదుంగ దాటి పేటకు వెళ్లాడు. యెహెజ్కేలు లేచి నులకమంచం వాల్చాడు.

"మీ మీద కోపం లేదండి పంతులుగారూ. అక్షరమొస్తే ఎవరూ ఆపలేరని మీరే చెప్పారంట కదండి. ఎర్రిపిల్ల, నిజమనుకుంది."

"రోజూ సాయంత్రం నేనే వచ్చి చెబుతాను, యెహెజ్కేలూ."

"ఆళ్లకి తెలిస్తేనండి? మేం నలుగురం తినాలండి."

దీనమ్మ లోపల్నుంచి చిన్న గుడ్డమూట తెచ్చి పంతులు ముందు విప్పింది. తొమ్మిది వస్తువులు. తూనీగ రెక్క నలగకుండా నత్తగుల్లలో పెట్టింది.

ఆయన పలక ఆమె చేతికి ఇవ్వబోయాడు. ఆ పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది.

"పదోది తేలేదు కదండి. పదీ తెచ్చినోళ్లకే అన్నారు."

"నా మొక్క ఎండిపోయిందమ్మా. నేను నీళ్లు పోయలేదు."

"అయినా సరేనండి," అంది. కళ్లు మాత్రం పలక మీదే ఉన్నాయి.

ఆ నియమం పెట్టింది తానే. ఆ మూట తీసుకుని ఆయన లేచాడు. పలక మంచం మీద వదిలేశాడు. ఎవరూ వద్దనలేదు. ఆ మాత్రం దయ చూపారు.

బయట చీకటి పడుతోంది. దుంగ కనిపించడం లేదు. దీనమ్మ తల్లి సూరమ్మ తడిక తలుపు బార్లా తీసి దీపం గుమ్మంలో పెట్టింది. ఆ వెలుగు కాలవ దాకా పారింది. పంతులు ఒక్కొక్క అడుగే వేసి, అవతలి గట్టు ఎక్కేవరకూ ఆమె అలాగే నిలబడింది.

తర్వాత దీపం లోపలికి తీసుకుని, చప్పుడు కాకుండా తలుపు మూసుకుంది.