పదమూడున్నర ఆవర్తనాలు

మధ్యాహ్నం మూడూ ఇరవైకి గాయకుడు పాట మధ్యలో ఆపి హెడ్‌ఫోన్ తీసేశాడు. అరగంటలో ఇది రెండోసారి.

గాయకుడికి డెబ్బై ఒకటి. బ్లూస్ పాడతాడు. గిటార్ వాయిస్తున్నది ఆయన అల్లుడు. పద్దెనిమిదేళ్లుగా ఒక హోటల్ బృందంలో జాజ్ వాయిస్తున్నాడు. అద్దం అవతల రికార్డింగ్ చేసే ఆమె ఉంది. గది ఐదింటి వరకే వీళ్లది. సోమవారం గాయకుడి గొంతుకు ఆపరేషన్. తర్వాత మాట వస్తుందని డాక్టరు చెప్పారు. పాట సంగతి చెప్పలేదు.

ఈ పాట ఆయన కట్టుకున్నదే. ఎప్పుడూ రికార్డు కాలేదు. నలభై ఏళ్లు దీనికి గిటార్ వాయించిన తమ్ముడు రెండేళ్ల క్రితం పోయాడు.

“అల్లుడు గారూ, తమరు నాకన్నా ముందే ఇల్లు చేరిపోతున్నారు,” అన్నాడు గాయకుడు.

“లెక్క సరిగ్గానే ఉంది మామయ్యా. పన్నెండు ఆవర్తనాలకే మొదటికి తిరిగాను.”

“నేనింకా దారిలోనే ఉన్నానుగా.”

బ్లూస్‌లో చరణానికి పన్నెండు ఆవర్తనాలు, ఒక్కో దానికి నాలుగు తాళం దెబ్బలు. మూడు కార్డులు, అంటే మూడు స్వరగుచ్ఛాలు, చాలు. అల్లుడు పన్నెండు గళ్లు గీసి, వాటిలో పధ్నాలుగు కార్డులు రాసుకొచ్చాడు.

“ఇన్నెందుకండీ?” అన్నాడు గాయకుడు.

“మూడే అయితే చేతులు కట్టేసినట్టుంటుంది.”

“ఇన్నుంటే నా నోరు కట్టేసినట్టుంది.”

రికార్డింగ్ ఆమె మైకులో కలగజేసుకుంది. “పెద్దాయనా, ఇందాక కొలిచాను. మీ మొదటి చరణం పదమూడు, రెండోది పదకొండున్నర. తప్పెవరిదో మాత్రం నన్నడక్కండి.”

“నేనేమైనా కొలిచే టేపు పట్టుకుని పాడతానా అమ్మా? ఊపిరి ఉన్నంతసేపు పాడతాను.”

అల్లుడు కాసేపు కాగితం చూశాడు. “మరి చిన్న మామయ్య ఎలా పట్టుకునేవారు?”

“ఎలా ఏముంది, ఎదురుగా కూచునేవాడు. నా భుజం చూసేవాడు. భుజం లేచిందంటే ఊపిరి తీస్తున్నానని వాడికి తెలుసు.”

అల్లుడి కుర్చీ కాగితం పెట్టిన స్టాండు వైపు తిరిగి ఉంది. అతను లేచి స్టాండును గోడ వారకు జరిపాడు. కుర్చీ తిప్పి, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు.

“అంత గుచ్చి గుచ్చి చూడకు, పాట మర్చిపోతాను,” అన్నాడు గాయకుడు.

మూడో టేకు నాలుగూ పదికి మొదలైంది. గాయకుడు పాడుతున్నంతసేపు అల్లుడు మూడు కార్డులే వాయించాడు. భుజం లేచినప్పుడల్లా, ఆ ఖాళీలో, తను రాసుకొచ్చిన వాటిలోంచి రెండో మూడో వేశాడు. మూడో చరణంలో గాయకుడు కళ్లు తెరిచి అతని చేతుల వంక చూశాడు. ఆపలేదు.

పాట అయ్యాక అడిగాడు: “నేను ఊపిరి తీసుకునే చోట ఏదో వాయించావే, ఏంటది?”

“అది నాది. మిగతా అంతా మీరే ఉన్నారు గదా.”

“మా తమ్ముడు అక్కడ ఊరుకునేవాడు.”

“అది లేకుండా మళ్లీ వాయించమంటారా? ఇంకా టైముంది.”

గాయకుడు వినిపించమని అద్దం వైపు చెయ్యి ఊపాడు. రెండుసార్లు విన్నాడు. రెండోసారి వింటున్నప్పుడు ఊపిరి తీసుకునే చోటల్లా ఆయన భుజం లేచింది.

మొదటి రెండు టేకులూ చెరిపేయమని చెప్పాడు. నాలుగూ యాభై రెండుకు ఆమె చెరిపేసింది. మూడోదాని వివరాల్లో, అన్నిటికన్నా పొడవైన చరణం పదమూడున్నర ఆవర్తనాలని రాసింది.