వంపు కింద అతుకు

బొమ్మ రైలు మళ్లీ ఆగింది. అదే వంపు, అదే చోటు. ఇంజను కదలదు, మెదలదు.

"నా చేతి తప్పేనే," అన్నాడు నాన్న. "చెయ్యి పడిపోయాక కూడా వైర్లు నేనే అతికిస్తానని పంతం పట్టాను చూడు, నాకు బుద్ధి లేదు. అన్నీ పెట్టెలో సర్దెయ్."

పక్షవాతం వచ్చి కుడిచెయ్యి చచ్చుబడిన మనిషి. ఎడమచేత్తో సోల్డరింగ్ ఐరన్ పట్టి, బల్ల మీది ఈ పట్టాలన్నిటికీ కరెంటు వైర్లు తనే అతికించాడు. డాక్టరు చెప్పిన వ్యాయామం ఒక్కటీ చెయ్యడు గానీ, ఈ బల్ల దగ్గర కూర్చుంటే తిండి ధ్యాస కూడా ఉండదు. ఇది కూడా వదిలేస్తే మంచం పట్టేస్తాడని అమ్మ భయం. నా భయమూ అదే.

"నీకన్నిటికీ తొందరే నాన్నా, ఆగు," అని కసిరి మీటరు తీశాను. మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసి బతికేదాన్ని, నాకిదొక లెక్కా! రైలు నడిపే కంట్రోలర్ దగ్గర కరెంటు నిండుగా ఉంది. బొమ్మ స్టేషను దగ్గరా ఉంది. వంపు దగ్గరికొచ్చేసరికి మీటరు ముల్లు లేవనంటోంది. లోపం అక్కడికొచ్చే వైరులోనే. టార్చి పట్టుకుని బల్ల కిందకి దూరాను.

నాన్న అతుకులు చూడ్డానికి ఘోరంగా ఉన్నాయి, ఒక్కొక్కటీ శనగగింజంత ముద్ద. లాగి చూశాను. ఒక్కటీ ఊడలేదు.

వంపు కింద మాత్రం నాజూకైన అతుకు, నల్ల టేపుతో. అది నాది.

పోయిన వారం ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుంటే, అక్కడి ముద్ద చూసి మనసొప్పక, చెప్పాపెట్టకుండా విప్పి మళ్లీ అతికించాను. లేస్తాడేమోనన్న కంగారులో వేడి సరిగా ఎక్కనివ్వలేదు. ఇప్పుడిలా తాకానో లేదో, వైరు ఊడి చేతికొచ్చింది. ఛీ, నా బతుక్కి! నా పనిలో లోపముంటుందని కలలో కూడా అనుకోలేదు. వారమంతా ఆయన తన చేతిని తిట్టుకుంటుంటే, పక్కన కూర్చుని "పోనీలే నాన్నా" అని ఓదార్చాను కూడా.

"ఏమైందే? నాదేనా తప్పు?" పైనుంచి అడిగాడు.

వైరు కాస్త వదులైందని చెప్పి గప్‌చిప్‌గా అతికించేయొచ్చు. కానీ అప్పుడు తప్పు ఆ చేతి మీదే ఉండిపోతుంది.

"కాదు నాన్నా. నాది. నీ అతుకు విప్పి నేను వేశాను."



"నా చెయ్యి పోయిందనుకున్నానే ఇన్నాళ్లూ," అన్నాడు. "నీకు నామీద నమ్మకం పోయిందన్నమాట."

చెంప మీద ఒక్కటిచ్చినా బాగుండేది. ఏడుపు ఆగలేదు.

ఆయన మెల్లగా నేలమీద కూర్చుని, బల్ల కిందకి తల పెట్టి, ఎడమచెయ్యి చాచాడు.

"ఐరన్ ఇటివ్వు. నువ్వు టార్చి పట్టుకో, చాలు."

చిన్నప్పుడు పని నేర్పేటప్పుడూ నాకు ముందు టార్చే ఇచ్చేవాడు. పట్టుకున్నాను.

"వెలుగు కదలనీకే," అని కసిరాడు.