దీవిని ఆపిన రోజు

ఆ గేమ్ కంపెనీలో ఇద్దరు తోడికోడళ్లు పనిచేసేవారు. ఒకే ఇంటి కోడళ్లు కాబట్టి ఆఫీసంతా వాళ్లను పెద్దకోడలు, చిన్నకోడలు అనే పిలిచేది. మెడలో కార్డు తిప్పి చూస్తే తప్ప అసలు పేర్లు ఎవరికీ గుర్తొచ్చేవి కావు. కింది అంతస్తులో పెద్దకోడలు 'దీవి' అనే పాత ఆన్‌లైన్ గేమ్‌ను పదకొండేళ్లుగా చూసుకుంటోంది. పై అంతస్తులో చిన్నకోడలు 'ఉరుకు' అనే కొత్త గేమ్‌ను నడిపిస్తోంది. ఉరుకు వచ్చి మూడు వారాలైంది. దాని దెబ్బకు దీవి మంచం పట్టింది.

పట్టదా మరి! దీవిలో ఆడేవాళ్లు చేపలు పడతారు, ఇళ్లు కట్టుకుంటారు, పక్కింటివాళ్లతో కబుర్లు చెప్పుకుంటారు. ఉరుకులో మేడల మీద పరుగెత్తుతూ ఒకరినొకరు కిందికి తోసుకుంటారు. జనానికి తోసుకోవడమే నచ్చింది. ఇరవై ఆరు వేల మంది ఉండే దీవిలో తొమ్మిది వందల మంది మిగిలారు. అక్కడ పడవ కదలాలంటే నలుగురు ఎక్కాలి. ఇప్పుడు రేవులో ఏ పడవ చూసినా ముగ్గురు కూర్చుని నాలుగో మనిషి కోసం దారి చూస్తుంటారు. పెద్దకోడలు తన పని పక్కన పెట్టి, నాలుగో మనిషిగా తన బొమ్మను ఎక్కించి, ఆ పడవను సాగనంపి, మళ్లీ ఇంకో పడవ దగ్గరికి పరుగెత్తేది. ఇదేం ఉద్యోగమమ్మా అని ఎవరైనా నవ్వితే ఆవిడకు ఒళ్లు మండేది.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి దీవిని ఆపేయాలని డైరెక్టరు తేల్చేశాడు. ఉరుకులోకి రావడానికి లక్ష మంది వరుసలో పడిగాపులు పడుతున్నారు. దీవి సర్వర్లలో ఉన్నదంతా శుభ్రంగా తుడిచి ఉరుకుకు ఇచ్చేస్తే ఆ వరుస తగ్గుతుంది. ఆడేవాళ్లకు వారం కిందటే కబురు వెళ్లింది. పెద్దకోడలు డైరెక్టరును బతిమాలింది, పోట్లాడింది, చివరికి నోరు మూసుకుంది.

శుక్రవారం పొద్దున పదింటికి, ఆఖరిసారి సర్వర్లను చూసుకుంటుంటే ఆవిడకు ఒక తేడా కనిపించింది. ఉన్నది తొమ్మిది వందల మంది. సర్వర్ల మీద పడుతున్న పని మాత్రం లక్షల మందికి సరిపోయేంత ఉంది. ఎవరబ్బా ఇంత పని చేయిస్తున్నది అని తవ్వుకుంటూ వెళ్తే దొంగ దొరికాడు. పదకొండేళ్ల కిందట కంపెనీకి ఉన్నది దీవి ఒక్కటే. ఆడేవాళ్ల పేర్లు, పాస్‌వర్డులు దాని దగ్గరే దాచారు. ఆ తర్వాత పుట్టిన ప్రతి గేమూ, గుమ్మంలోకి ఎవరు వచ్చినా దీవినే అడిగేది: ఈ మనిషి మనవాడేనా, లోపలికి రానివ్వనా? లోపలున్నవాళ్ల గురించి కూడా నిమిషానికోసారి అడిగేది. వాటిలో ఇప్పుడు నడుస్తున్నది ఉరుకు ఒక్కటే; అదీ అంతే. ఈ ఏర్పాటు చేసినవాళ్లు ఎప్పుడో ఉద్యోగాలు మానేసి వెళ్లిపోయారు. ఎక్కడా ఒక్క ముక్క రాసిపెట్టలేదు.

అంటే దీవి ఆగిన మరు నిమిషం ఉరుకు కుప్పకూలుతుంది.

పెద్దకోడలికి గుండె ఝల్లుమంది. ఆ వెంటనే, చెప్పుకోవడానికి సిగ్గుచేటు గానీ, సంతోషం వేసింది.

చెప్పాలి కాబట్టి చెప్పడానికే మేడ ఎక్కింది. పైన అంతా హడావుడి. గోడ మీది పెద్ద తెరలో ఉరుకు ఆడుతున్నవాళ్ల లెక్క పన్నెండు లక్షలు దాటి పరుగెడుతోంది. దారిలో బొమ్మలు గీసే కుర్రవాడొకడు, "ఏం పెద్దక్కా, మీ మ్యూజియం ఇవాళ మూసేస్తున్నారంటగా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఫక్కున నవ్వారు. చిన్నకోడలు చెవి దగ్గర ఫోను, చేతిలో ఇంకో ఫోను పెట్టుకుని ఆవిడను చూసి కళ్లతోనే దండం పెట్టింది.

"అక్కా, ఊపిరాడట్లేదు. సాయంత్రం మాట్లాడుకుందామా?"

"సరేలే," అంది పెద్దకోడలు.

మెట్లు దిగుతున్నంతసేపూ తనకు తాను చెప్పుకుంది: నేను వెళ్లాను, తనే వినలేదు. మంచి సాకు. కానీ చెప్పదలచుకున్న మనిషికి అర నిమిషం చాలని ఆవిడకు తెలియదా? కింద తన కుర్చీలో కూర్చున్నాక అసలు ఆలోచన బయటపడింది. ఇప్పుడు చెబితే ఏమవుతుంది? శనాదివారాలు కూర్చుని ఆ పేర్ల పట్టికను ఇంకో చోటికి మారుస్తారు. సోమవారం పొద్దున దీవిని హాయిగా ఆపేసి చేతులు దులుపుకుంటారు. చెప్పకపోతే? నాలుగింటికి దీవి ఆగుతుంది. ఉరుకు పడిపోతుంది. సర్వర్లు తుడిచే మనిషి నాలుగుంబావుకు వస్తాడు. ఆలోపు దీవిని లేపితే ఉరుకూ లేస్తుంది. ఆ పది నిమిషాల భయం చూశాక దీవి జోలికి రావడానికి ఎవడికి ధైర్యం ఉంటుంది?

పది నిమిషాలు. ఎవరి ప్రాణాలూ పోవు. ఆట కాసేపు ఆగుతుంది, అంతే.

మధ్యాహ్నం మూడు గంటల నుంచి దీవిలో జనం రేవుకు చేరసాగారు. అందరూ నిలబడి ఒకరికొకరు చెయ్యి ఊపుకుంటున్నారు. ఆవిడ అది చూడలేక తెర పక్కకు తిప్పింది.

నాలుగుకు పది నిమిషాలుండగా చిన్నకోడలే కిందికి వచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది, కళ్ల కింద నల్లగా ఉంది.

"అక్కా, దీవిని ఇంకెవరో ఆపడం నాకిష్టం లేదు. నువ్వే ఆపాలని డైరెక్టరుతో గొడవపడి ఒప్పించా. పెంచినదానివి, నీ చేత్తో నిద్రపుచ్చు."

పెద్దకోడలు తెరను మళ్లీ తన వైపు తిప్పుకుంది. తల ఊపింది.

"పొద్దున పైకి వచ్చావు కదా, ఏమైనా చెప్పాలా?" అంటూ చిన్నకోడలు ఆవిడ పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈసారి ఫోన్లు రెండూ బోర్లా పెట్టేసింది.

"ఏం లేదు."

"నిజంగా?"

"ఏం లేదన్నానా!"

నాలుగైంది. పెద్దకోడలు పాస్‌వర్డు కొట్టింది. మొదటిసారి తప్పు పడింది. రెండోసారి సరిగ్గా పడింది. దీవి ఆగింది.

నిమిషం తిరక్కుండానే పైఅంతస్తులో కుర్చీలు జరిగిన చప్పుడు, ఆ వెనకే కేకలు వినిపించాయి. బోర్లా పెట్టిన ఫోన్లు రెండూ ఒకేసారి మోగాయి. చిన్నకోడలు ఒకటి ఎత్తి విని, రెండు మెట్లకొక అడుగు వేస్తూ పైకి పరుగెత్తింది. పెద్దకోడలు కూడా వెనకే వెళ్లింది. పెద్ద తెర మీద పన్నెండు లక్షలు సున్నా అయ్యాయి.

నాలుగూ ఐదు. ఎవరూ దీవి పేరెత్తలేదు. నాలుగూ ఎనిమిది. డైరెక్టరు అందరి ముందే చిన్నకోడలి మీద విరుచుకుపడ్డాడు. "పొద్దుటి నుంచి ఏం మార్చావు? ఏం చేశావు చెప్పు!" అని అరుస్తుంటే ఆ పిల్ల తెరల మధ్య అటూ ఇటూ పరుగెడుతోంది. తను ఏం చేసిందో తనకే తెలిస్తే కదా చెప్పడానికి! ఎవరైనా తనను అడిగితే బాగుండునని పెద్దకోడలు ఎదురుచూసింది. ఎవరూ అడగలేదు. నాలుగూ పన్నెండుకు సర్వర్లు తుడిచే మనిషి పెట్టె పట్టుకుని సర్వర్ల గది వైపు వెళ్తూ కనిపించాడు. ఇక ఆగలేకపోయింది.

"దీవిని లేపి చూద్దాం," అంది గట్టిగా.

లేపారు. ఉరుకు లేచింది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఎందుకిలా అయిందో పెద్దకోడలు అప్పుడే కనిపెట్టినట్టు రెండు ముక్కల్లో వివరించింది.

డైరెక్టరు తోడికోడళ్లిద్దరినీ తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"మీరు లేకపోతే మునిగిపోయేవాళ్లం," అన్నాడు పెద్దకోడలితో. "ఉరుకు ఉన్నన్నాళ్లూ దీవి ఉంటుంది. ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరు." తర్వాత చిన్నకోడలి వైపు తిరిగాడు. "ఆపే ముందు దేని మీద ఏది ఆధారపడిందో చూసుకోవడం నీ బాధ్యత. సోమవారం నుంచి ఉరుకు ఇంకొకరు చూస్తారు."

"తప్పు నాదే సార్," అంది చిన్నకోడలు. "కనీసం అక్కను అడిగినా బాగుండేది. పొద్దున తనే వస్తే మాట్లాడలేదు. అక్క ఉండబట్టి సరిపోయింది."

ఆ మాటలు పెద్దకోడలికి చెంపదెబ్బల్లా తగిలాయి. నోరు కుట్టేసుకుని ఇంకో అర నిమిషం కూర్చుంటే చాలు, అన్నీ దక్కుతాయి. ఆ అర నిమిషం కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు.

"నాకు పొద్దున పదింటికే తెలుసు సార్."

డైరెక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఒక్కో మాటా ఆచితూచి చెప్పాడు. దీవి ఉంటుంది, ఇవాళ్టి దెబ్బ చూశాక దాన్ని ముట్టుకునే ధైర్యం తనకు లేదు. కానీ పెద్దకోడలు ఉండదు. వెళ్లేలోపు దీవి పనంతా చిన్నకోడలికి అప్పగించాలి. ఉరుకు చిన్నకోడలి చేతిలోనే ఉంటుంది, ఇక దీవి కూడా ఆమెదే.

మెట్ల మీద చిన్నకోడలు ఆగింది.

"నా ఉద్యోగం మీదికి వస్తుందని తెలుసా నీకు?"

"అంత దూరం ఆలోచించలేదు." అని, అదీ అబద్ధమేనని తోచి, "ఆలోచించాను," అంది పెద్దకోడలు.

"పక్కన కూర్చుని రెండుసార్లు అడిగాను కదక్కా!"

సాయంత్రం ఇద్దరూ వెళ్లాల్సింది ఒకే ఇంటికి. అక్కడ ఒకే వంటగది, ఒకే పొయ్యి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

కింద చిన్నకోడలు పెద్దకోడలి కుర్చీలో కూర్చుంది. కళ్లు తుడుచుకుని, నోటుపుస్తకం తెరిచి, తెర వైపే చూస్తూ అంది.

"మొదటి నుంచి చెప్పు. ఏదీ దాచకుండా."

పెద్దకోడలు పక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టింది.